మిర్యాలగూడలో ఉంచడానికి 1966 మస్టాంగా, 2017 మస్టాంగ్ జీటీనా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: మిర్యాలగూడలో మిల్లు కాంపౌండులోనే షెడ్డు ఉంది, రోజువారీ తిరుగుడుకు వేరే కారు ఉంది. ఆదివారాలు హాలియా మీదుగా సాగర్, నెలకోసారి హైదరాబాద్, ఏడాదికోసారి శ్రీశైలం పోవాలని ఉంది. అమ్మకానికి రెండు బండ్లు దొరికాయి. ఒకటి 1966 ఫోర్డ్ మస్టాంగ్ హార్డ్‌టాప్ (గట్టి పైకప్పుది), 289 వి8 (289 ఘనపు అంగుళాల, ఎనిమిది సిలిండర్ల ఇంజన్), ఆటోమేటిక్. రెండోది 2017 మస్టాంగ్ జీటీ. ఏది తీసుకోవాలి?

మీరు చెప్పిన వాడకానికైతే 2017 బండే. పాతది మీద మనసు పడితే దానికీ దారి ఉంది, కానీ కొన్న తర్వాత మొదటి రెండు మూడు నెలలు బండి షెడ్డులోనే ఉంటుందని ముందే ఒప్పుకోవాలి. ఎందుకో వివరంగా రాస్తున్నాను.

హార్స్‌పవర్ లెక్క తొందరగా ముగిద్దాం. పాత 289 మామూలు రకం, అంటే రెండు గొంతుల కార్బొరేటర్ ఉన్నది, 200 హార్స్‌పవర్ అని అప్పటి కాగితాల్లో ఉంటుంది. అది గ్రాస్ లెక్క. ఎయిర్ క్లీనర్, బండి సైలెన్సర్ లాంటివి లేకుండా ఇంజన్‌ను స్టాండు మీద పెట్టి కొలిచింది. అవన్నీ బిగించి కొలిచే నెట్ లెక్కకు అమెరికా కంపెనీలు మారింది 1972 మోడళ్ల నుంచి. ఇండియాలో అమ్మిన జీటీ 5.0 లీటర్ ఇంజన్ 401 పీఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్) మాత్రం నెట్ లెక్కే. కాబట్టి కాగితం మీద రెట్టింపు తేడా కనిపిస్తున్నా రోడ్డు మీద తేడా ఇంకా ఎక్కువ. సున్నా నుంచి వందకు కొత్తది సుమారు 5 సెకన్లలో పోతుంది, పాతదానికి 10 పైనే పడుతుంది. సాగర్ రోడ్డు మీద ఈ అంకెలేవీ పనికిరావు. బండి ఎట్లా ఆగుతుంది, ఎండలో ఎట్లా చల్లబడుతుంది, మన బంకు పెట్రోలు దానికి పడుతుందా, కాగితాలు సరిగ్గా ఉన్నాయా అన్న నాలుగింటి మీదే తేల్చుకోవాలి.

ముందు బ్రేకులు. 1966 బండికి మామూలుగా నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. ముందు డిస్కులు అదనంగా డబ్బు కట్టిన వాళ్లకే వచ్చేవి. వి8 బండ్ల డ్రమ్ములు 10 అంగుళాలు. ఒక్కసారి గట్టిగా తొక్కితే బాగానే పట్టుకుంటాయి. వెంటవెంటనే మూడు నాలుగు సార్లు తొక్కితే వేడికి డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరం జరుగుతుంది, లైనింగు పట్టు తగ్గుతుంది, పెడల్ లోపలికి పోతుంది. శ్రీశైలం దారిలో దోమలపెంట దాటాక డ్యాం వైపు దిగే ఘాట్‌లో జరిగేది సరిగ్గా ఇదే. ఆ దిగుడులో గేరు లివర్‌ను ఎల్ (లో గేరు)లో పెట్టి ఇంజన్‌తోనే వేగం ఆపాలి. ఆ ఏడాది బండికి వచ్చిన సి4 అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ సూచికలో రెండు చుక్కలు ఉంటాయి. పెద్ద చుక్క మామూలు డ్రైవ్, చిన్న చుక్క రెండో గేరుతో బయలుదేరేది. బండి మొదట్లోనే మొద్దుగా కదులుతోందంటే గేర్‌బాక్స్ పోయిందని భయపడే ముందు లివర్ చిన్న చుక్క మీద ఉందేమో చూడండి.

అంతకంటే పెద్ద సంగతి మాస్టర్ సిలిండర్, అంటే పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను చక్రాలకు తోసేది. 1966 దాకా మస్టాంగ్‌కు ఒకే సర్క్యూట్, అంటే నాలుగు చక్రాలకూ ఒకే ఆయిల్ దారి. ఒక్క వీల్ సిలిండర్ కారినా, ఒక్క హోసు పగిలినా నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. 1967 మోడల్ నుంచే రెండు సర్క్యూట్లది వచ్చింది. కొన్న వెంటనే చేయాల్సిన పని ఇదీ: నాలుగు వీల్ సిలిండర్లు, మూడు రబ్బరు హోసులు (ముందు రెండు, వెనక యాక్సిల్ దగ్గర ఒకటి), 1967 డ్రమ్ బ్రేకు బండిది రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండర్. అది అదే ఫైర్‌వాల్ బోల్టులకు కూర్చుంటుంది, ఉక్కు పైపులు మాత్రం కొత్తగా వంచుకోవాలి. డిస్క్ బ్రేకు బండి మాస్టర్ సిలిండర్ తెచ్చి డ్రమ్ములకు బిగించకండి. డ్రమ్ముల లైనులో కొంచెం ఒత్తిడి నిలిపే వాల్వు అందులో ఉండదు. పెడల్ ప్రతిసారీ రెండుసార్లు కొడితే గానీ అందదు. బ్రేక్ ఆయిల్ డాట్ 3 చాలు, రెండేళ్లకోసారి మొత్తం మార్చాలి. డ్రమ్ములు తమంతట తామే సర్దుకునే రకం, కానీ ఆ సర్దుబాటు జరిగేది రివర్సులో బ్రేకు తొక్కినప్పుడు. అందుకే షెడ్డులో అప్పుడప్పుడూ వెనక్కి నడిపి గట్టిగా ఆపుతుండాలి.

పాతదాంట్లో సీటు బెల్టులు నడుముకు మాత్రమే. స్టీరింగ్ కడ్డీ గుద్దుకుంటే ముడుచుకునే రకం కాదు. పెట్రోల్ ట్యాంకు పైరేకే డిక్కీ అడుగు, డిక్కీకీ వెనక సీటుకూ నడుమ ఉన్నది అట్ట మాత్రమే. వెనక సీటు వెనకాల ఉక్కు రేకు వేయించడం చవకైన పని, తప్పకుండా చేయించండి. కొత్తది కదా, దానికి ఢోకా లేదని కూడా అనుకోవద్దు. యూరోపులో కార్ల భద్రతను పరీక్షించే యూరో ఎన్‌క్యాప్ 2017 జనవరిలో ఆ మస్టాంగ్‌కు ఇచ్చింది 2 నక్షత్రాలే. వెనక సీటు పిల్లలకు తప్ప పెద్దవాళ్లకు పనికిరాదు. అయినా ఏబీఎస్, నాలుగు డిస్కులు, ఎయిర్‌బ్యాగులు ఉన్న బండికీ ఒకే సర్క్యూట్ డ్రమ్ముల బండికీ పోలికే లేదు. మన రోడ్ల మీద అవసరం పడేది అక్కడే. యాసంగి కోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి ఉంటాయి. రాత్రి లైటు లేని ట్రాక్టరు ఎదురుగా ఉంటుంది.

పాతది ఎడమ స్టీరింగ్ అన్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మిర్యాలగూడ నుంచి నార్కట్‌పల్లి దాకా, అక్కడి నుంచి 65 నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాద్‌కు నాలుగు వరుసలు, ఇబ్బంది లేదు. హాలియా–సాగర్ రోడ్డు మీద లారీ వెనక ఉన్నప్పుడు ఎదురుగా ఏం వస్తోందో ఎడమవైపు కూర్చున్న మీకు కనిపించదు. పక్కన కూర్చున్నవారు చెప్పాలి, లేదా ఓవర్‌టేక్ చేయడం మానుకోవాలి. మానుకోవడమే మేలు.

ఇక ఎండ. నల్గొండ జిల్లాలో మే నెలలో 44, 45 డిగ్రీలు వింత కాదు. 289 వేడెక్కే ఇంజన్ అని పేరు తెచ్చుకుంది గానీ, చాలాసార్లు తప్పు ఇంజన్‌ది కాదు, అందులో పోసిన నీళ్లది. మన బోరు నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. రేడియేటర్‌ను చంపేది మాత్రం ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం. వేడికి అవి సున్నం పొరగా గడ్డకట్టి సన్నని గొట్టాలను మూస్తాయి. ఇంజన్ లోపల నీరు మెల్లగా తిరిగే మూలల్లో, వెనక సిలిండర్ల చుట్టూ, బురదలా పేరుకుంటాయి. పైనుంచి చూస్తే రేడియేటర్ నిండుగానే ఉంటుంది, వేడి చూపే సూది మాత్రం పైకి పోతుంటుంది. రేడియేటర్ కింది కుళాయి ఒక్కటే తిప్పి నీళ్లు వదిలితే ఈ బురద రాదు. బ్లాకుకు రెండు పక్కలా ఉన్న డ్రెయిన్ ప్లగ్గులు కూడా విప్పాలి. విప్పాక ఏమీ కారకపోతే లోపల గడ్డకట్టిందని అర్థం, వైరుతో పొడిచి తీయాలి.

మొత్తం పట్టేది సుమారు 14 లీటర్లు. 7 లీటర్ల కూలెంట్, 7 లీటర్ల డిస్టిల్డ్ వాటర్ పోయండి. మినరల్ వాటర్ క్యాన్ నీళ్లను డిస్టిల్డ్ అనుకోకండి. రేడియేటర్‌లో రెండు వరుసల గొట్టాల కోర్ ఉంటే మూడు వరుసలది వేయించండి. థర్మోస్టాట్ (వేడిని బట్టి నీటి దారి తెరిచి మూసే వాల్వు) 82 డిగ్రీలది కొత్తది పెట్టండి. ఎండకాలం కదా అని థర్మోస్టాట్ తీసి పారేయమని కొందరు మెకానిక్కులు చెబుతారు, వినొద్దు. అది లేకపోతే ఇంజన్ ఎంత వేడిలో నడవాలన్న అదుపే పోతుంది. ఏసీ లేకుండా వచ్చిన బండ్లకు చాలావాటికి ఫ్యాను చుట్టూ ష్రౌడ్ అనే తొడుగు ఉండేది కాదు. అది లేకపోతే బండి ఆగి ఉన్నప్పుడు ఫ్యాను రేడియేటర్ లోంచి కాకుండా పక్కల నుంచి గాలి లాక్కుంటుంది. ఎల్బీనగర్ ట్రాఫిక్‌లో వేడెక్కి చౌటుప్పల్ దగ్గర చల్లబడే బండికి మొదట చూడాల్సింది ఇదే.

కరెంటు ఫ్యాను పెట్టిస్తే సరిపోతుంది కదా అని అడుగుతారు. పాత ఆల్టర్నేటర్ ఇచ్చేది సుమారు 40 ఆంపియర్లు. మంచి ఫ్యాను ఒక్కటే 25 దాకా తింటుంది. హెడ్‌లైట్లు, వైపర్లు కూడా వేస్తే బ్యాటరీలోంచి తీసి నడపాల్సి వస్తుంది. పెద్ద ఆల్టర్నేటర్, దానికి తగ్గ లావు వైరు వేయకుండా ఆ పని చేయించవద్దు.

మీది మిల్లు కాంపౌండు కాబట్టి ఒక మాట రెండు బండ్లకూ చెప్పాలి. ఊక, తౌడు దుమ్ము రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కుని వానకు తడిసి గట్టిపడుతుంది. గాలి పైపుతో కొట్టేటప్పుడు ఇంజన్ వైపు నుంచి బయటికి కొట్టాలి. ముందు నుంచి కొడితే ఇంకా లోపలికి పోతుంది. కొత్తదాంట్లో ముందు ఏసీ కండెన్సర్, దాని వెనక రేడియేటర్ ఉంటాయి, రెండింటి నడుమే ఎక్కువ చేరుతుంది. ఇక ఎలుకలు. వడ్లు ఉన్నచోట అవి లేకుండా పోవు. పాత బండిలో ఎలుక కొరికినా వైర్లు కొన్నే, రంగులు చూసి ఒక పూటలో అతకవచ్చు. 2017 బండిలో ఒక సెన్సర్ వైరు తెగితే బండి కదలకుండా మొరాయించవచ్చు, అది ఎక్కడ తెగిందో కంప్యూటర్ పెట్టి వెతకాలి. ఆ బండి కొంటే షెడ్డును మిల్లుకు దూరంగా, సిమెంటు గచ్చుతో కట్టండి. బండి పెట్టాక బానెట్ ఎత్తి ఉంచితే ఎలుకలు చీకటి లేక గూడు కట్టవు. ఖర్చు లేని పని.

పెట్రోలు సంగతి పాత బండికి అసలైన తలనొప్పి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపింది. 1966 నాటి రబ్బరు దానికోసం చేసింది కాదు. మొదట మెత్తబడేది ట్యాంకు నుంచి ఉక్కు పైపుకు, పంపు నుంచి కార్బొరేటర్‌కు ఉండే చిన్న హోసులు. తర్వాత మెకానికల్ పంపు డయాఫ్రం (లోపలి రబ్బరు పొర). ఆ తర్వాత కార్బొరేటర్ యాక్సిలరేటర్ పంపు డయాఫ్రం. పంపు డయాఫ్రం చిరిగితే పెట్రోలు కింద ఇంజన్ ఆయిల్‌లోకి కారుతుంది. డిప్‌స్టిక్‌కు పెట్రోలు వాసన వస్తే, ఆయిల్ మట్టం పెరిగితే స్టార్ట్ చేయకుండా ముందు పంపు, ఆయిల్ మార్చండి. హోసుల మీద ఎస్ఏఈ జె30ఆర్9 అని ముద్ర ఉండాలి. ఆ ముద్ర లేనిది ఎంత లావుగా ఉన్నా వద్దు.

ఇథనాల్ కలిసిన పెట్రోలుకు గాలి తక్కువ కావాలి. మామూలు పెట్రోలుకు 14.7 వంతుల గాలి పట్టేచోట దీనికి సుమారు 13.5 చాలు. కార్బొరేటర్ ఆ తేడాను తెలుసుకోలేదు, పాత కొలతలోనే పోస్తుంది. ఫలితం పలుచటి మిశ్రమం. యాక్సిలరేటర్ తొక్కితే తడబాటు, ఇంజన్‌కు వేడి, వాల్వులకు చేటు. ఈ బండికి ఉండే ఆటోలైట్ 2100 కార్బొరేటర్‌లో జెట్టు (పెట్రోలు పోయే రంధ్రమున్న చిన్న మర) నంబరు దాదాపుగా అంగుళంలో వెయ్యో వంతుల్లో రంధ్రం కొలత. అందులో 49 ఉంటే 51 పెట్టి ప్లగ్గుల రంగు చూడండి. తెల్లగా ఉంటే ఇంకా పలుచన, లేత గోధుమ రంగుకు వస్తే సరి. ఇథనాల్ లేని 100 ఆక్టేన్ పెట్రోలు హైదరాబాద్‌లో కొన్ని బంకుల్లోనే దొరుకుతుంది, మిర్యాలగూడలో దాని మీద ఆధారపడి బండి నడపలేరు. అందుకే బండినే మార్చుకోవాలి. నెలకు పైగా ఆపి ఉంచితే ట్యాంకు నిండా పోసి పెట్టండి. ఖాళీ ట్యాంకులో వానకాలం గాలి తేమను ఇథనాల్ పీల్చుకుని నీళ్లుగా అడుగున చేరుతుంది.

ఎండలో ఇంకో జబ్బు వేపర్ లాక్. పెట్రోలు పంపు ఇంజన్‌కే బిగించి ఉంటుంది కాబట్టి బండి ఆపిన పది పదిహేను నిమిషాలకు ఆ వేడికి లైనులో పెట్రోలు మరిగి ఆవిరవుతుంది. సెల్ఫు తిరుగుతూనే ఉంటుంది, బండి అందుకోదు. తడి గుడ్డ వేసి కాసేపు ఆగితే స్టార్ట్ అవుతుంది, కానీ అది వైద్యం కాదు. కార్బొరేటర్ కింద వేడి పాకని మందపాటి స్పేసర్ పెట్టండి. సైలెన్సర్ పైపు దగ్గర నుంచి పోయే ఇంధన లైనును దూరం జరపండి. అప్పటికీ తగ్గకపోతే ట్యాంకు దగ్గర 4 నుంచి 6 పౌండ్ల ఒత్తిడి ఇచ్చే కరెంటు పంపు వేసి, ఆయిల్ ప్రెజర్ స్విచ్‌తో కలపండి. ఇంజన్ ఆగితే పంపు కూడా ఆగాలి.

2017 ఇంజన్‌కు ఈ బాధలేవీ లేవు. ఆక్సిజన్ సెన్సర్ చూసి కంప్యూటరే పెట్రోలు పెంచుకుంటుంది, మైలేజీ కొంచెం తగ్గుతుంది. వీలైనంత ఎక్కువ ఆక్టేన్ పోయండి. ఆయిల్ 5డబ్ల్యూ20, ఫిల్టరుతో కలిపి 7.6 లీటర్లు. అలవాటు కొద్దీ చిక్కటి 20డబ్ల్యూ50 పోసే మెకానిక్కుకు ఈ బండి అప్పజెప్పకండి. వాల్వు టైమింగ్‌ను మార్చే యంత్రాంగం ఆయిల్ ఒత్తిడితోనే నడుస్తుంది. అదే 20డబ్ల్యూ50, జింకు ఎక్కువ ఉన్నది, పాత 289కి మంచిది, దాని ట్యాపెట్లు కామ్ మీద రాసుకుంటూ నడిచే రకం. పాతదాని గేర్‌బాక్స్‌కు టైప్ ఎఫ్ ఆయిల్, కొత్తదానికి మెర్కాన్ ఎల్‌వీ. వీటిని అటుదిటు ఇటుదటు పోయకూడదు.

కొత్తదాని బలహీనత అంతా కింద ఉంది. 19 అంగుళాల చక్రాలు, పక్కగోడ తక్కువున్న టైర్లు. గుంతలో పడితే టైరు పక్కన బుడ్డ వస్తుంది, దానికి పంక్చరు వేసే వీల్లేదు, టైరు మార్చాల్సిందే. స్టెప్నీ ఉందో, గాలి కొట్టే కిట్టే ఉందో కొనేముందే చూసుకోండి. ఊళ్లలో ఎత్తైన స్పీడ్ బ్రేకర్లను ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కిస్తూ దాటాలి. రెండు వారాలు కదపకపోతే బ్యాటరీ దిగుతుంది, షెడ్డులో చిన్న చార్జరు తగిలించి ఉంచండి. 2021 సెప్టెంబరులో ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్లు ప్రకటించింది. సర్వీసు నడుస్తోంది గానీ ఈ బండి విడిభాగాలు ముందు నుంచీ దిగుమతివే, బంపర్‌కో హెడ్‌లైటుకో నెలలు ఆగాల్సి రావచ్చు. దారిలో చెడితే ఫ్లాట్‌బెడ్ మీదనే ఎక్కించాలి. వెనక చక్రాలు నేల మీద ఉంచి లాగితే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ చెడుతుంది, ఈ నియమం పాతదానికీ వర్తిస్తుంది.

పాతదాన్ని రోడ్డు పక్కన బాగుచేయవచ్చు, అది నిజం. డిక్కీలో ఒక సెట్టు పాయింట్లు (స్పార్కు కోసం కరెంటును తెంపి కలిపేవి), కండెన్సర్, రోటరు, ఫ్యాన్ బెల్టు, సందు కొలిచే ఫీలర్ గేజ్ ఉంటే చాలా జబ్బులకు మందు ఉన్నట్టే. పాయింట్ల గ్యాపు 0.017 అంగుళాలు, ప్లగ్గులది 0.034, ఫైరింగ్ వరస 1-5-4-2-6-3-7-8. అంబాసిడర్ల మీద చేయి తిరిగిన మెకానిక్ ఈ అంకెలు ఇస్తే డెల్కో (డిస్ట్రిబ్యూటర్) సర్దేస్తారు. అలాంటి మనిషి మీ ఊళ్లో ఇంకా పనిచేస్తుంటే పాత బండికి అది పెద్ద బలం. లేకపోతే ఆ బండి ఆలోచనే వదిలేయండి.

కాగితాలు. 50 ఏళ్లు దాటిన, అసలు రూపంలో ఉన్న బండ్లకు 2021 జులైలో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. నంబరులో వి.ఏ. అక్షరాలు వస్తాయి, కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, 10 ఏళ్లు చెల్లుతుంది. కానీ ఆ నంబరుతో రోజువారీ తిరగకూడదు. ర్యాలీ, ప్రదర్శన, పెట్రోలు, మరమ్మతు లాంటి పనులకే రోడ్డెక్కాలి. మీ ఆదివారం సాగర్ ప్రయాణం అందులోకి రాదు. మామూలు రిజిస్ట్రేషనే ఉంటే అయిదేళ్లకోసారి ఫిట్‌నెస్, రెన్యూవల్ చేయించాలి. దిగుమతి కార్లకు ఆ రుసుం 2022 ఏప్రిల్ నుంచే 40,000 రూపాయలు, 20 ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో ఇంకా పెంచారు. కొనేముందే ఆర్టీవో కార్యాలయంలో అడగండి. బండి దేశంలోకి ఎట్లా వచ్చిందో చూపే కస్టమ్స్ కాగితం గానీ, రాయబార కార్యాలయం కారైతే స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ అమ్మకం కాగితం గానీ లేకపోతే ధర ఎంత తగ్గించినా వద్దు.

పాతది చూడబోతే ఛాసిస్ నంబరు ఎడమ ముందు మడ్‌గార్డు లోపలి రేకు మీద కొట్టి ఉంటుంది. మొదటి అంకె 6 అంటే 1966, తర్వాత ఫ్యాక్టరీ అక్షరం, 07 అంటే హార్డ్‌టాప్, దాని పక్కన సి అంటే రెండు గొంతుల 289. అక్కడ టి ఉంటే అది ఆరు సిలిండర్ల బండి, తర్వాత ఎవరో వి8 ఎక్కించారు. చక్రానికి నాలుగు బోల్టులే కనిపిస్తే బ్రేకులు, యాక్సిల్ మార్చకుండా ఇంజన్ ఒక్కటే మార్చినట్టు. అద్దం కింది గాలి జాలీలో ఒక బకెట్ నీళ్లు మెల్లగా పోయించి, డ్యాష్‌బోర్డు కింద చేయి పెట్టి చూడండి. తడి తగిలితే లోపలి రేకు తుప్పుతో తిన్నది. దాన్ని బాగుచేయాలంటే బండి ముందు భాగమంతా విప్పాలి. ముందు స్ప్రింగుల గోపురాల దగ్గర పగుళ్లు, నేల రేకుల మీద కొత్తగా కొట్టిన నల్ల రంగు, అయస్కాంతం అతుక్కోని చోట్లు కూడా చూడాలి.

కొత్తదైతే స్కానర్ పెట్టించి పాత తప్పుల చిట్టా తీయించండి. టైరు మీది నాలుగు అంకెలు చదవండి. 2317 అంటే 2017లో 23వ వారం, అట్లాంటి టైర్లతోనే ఉంటే నాలుగింటి ధర బేరంలో తగ్గించమనండి.

రెండింట్లో ఏది చూడ్డానికి వెళ్లినా పొద్దున్నే పోకండి, మధ్యాహ్నం రెండు గంటలకు వెళ్లండి. అమ్మే మనిషి ముందే వేడెక్కించి ఉంచితే బానెట్ మీద చేయి పెడితే తెలుస్తుంది, చల్లారాక మళ్లీ రమ్మనండి. చల్లగా ఉన్నప్పుడు మీరే స్టార్ట్ చేసి, ఏసీ ఉంటే వేసి, 20 కిలోమీటర్లు నడపండి. ఆపి, బానెట్ మూసే ఉంచి, పావుగంట తర్వాత మళ్లీ స్టార్ట్ చేయండి. పాతది అప్పుడు అందుకుని సూది నడుమ దాటకుండా అయిదు నిమిషాలు నిలబడి తిరిగితే, మిగతా బేరం మాట్లాడవచ్చు.